గడప ముందు ఆగిన కాలు

నా పని నడిపించడం. బడిని కాదు, బస్సును కాదు, బొమ్మలను. యూరప్‌లో ఎవరో ఒక ముసలమ్మను గీస్తారు, ఇంకెవరో ఆమెకు గొంతు ఇస్తారు. ఆమె ఇంటి నుంచి వీధి చివరిదాకా నడవాల్సి వస్తే మాత్రం ఆ పని తొర్రూరులో విత్తనాల దుకాణం మీదున్న నా గదికి వస్తుంది. సెకనుకు ఇరవై నాలుగు బొమ్మలు, తెర మీద పెన్నుతో ఒక్కొక్కటే గీయాలి. మెట్లెక్కి వచ్చి చూసినవాళ్లకు, ఒక ఆడమనిషి పొద్దంతా కూర్చుని ఒకే కాలును మళ్లీ మళ్లీ గీస్తున్నట్టు కనబడుతుంది. దుకాణం సేటు మొదట్లో నాకు మతి తిరిగిందనుకున్నాడట. ఆ మాట ఆయనే చెప్పాడు, పైకి చాయ్ పంపించడం మొదలుపెట్టిన తర్వాత.

అంతకుముందు పదేళ్లు హైదరాబాద్‌లో ఒక పెద్ద కంపెనీలో ఇదే పని చేశాను. మా మీదుండే ఆయన కోస్తా మనిషి. నేను "గట్లనే" అంటే చాలు, సినిమాలో కమెడియన్‌ను చూసినట్టు నవ్వేవాడు. నా మాట మీద ఎంత నవ్వినా నా నడకల మీద మాత్రం నవ్వలేకపోయాడు. చిన్నప్పటి నుంచీ మనిషి రాకముందే కాళ్ల చప్పుడును బట్టి ఎవరో చెప్పేదాన్ని నేను. కరోనా కాలంలో అందరినీ ఇళ్లకు పంపారు, నన్ను మళ్లీ పిలవలేదు. కొడకండ్ల పక్కన ఉన్న మా ఊళ్లో కరెంటు ఉంటే నెట్ ఉండదు, నెట్ ఉంటే కరెంటు ఉండదు. అందుకని తొర్రూరులో గది తీసుకున్నాను. కంపెనీలో ఉన్నప్పుడు నా పని చూసిన బెల్జియం దర్శకురాలు ఒకామె నేరుగా ఉత్తరం రాసి పని ఇచ్చింది. ఆమె ఇంగ్లీషూ నా ఇంగ్లీషూ రెండూ అరువు తెచ్చుకున్నవే కాబట్టి మాకు బాగానే కుదిరింది.

ఆమె కథ ఇది. సముద్రం పక్కన ఒక ఊరు. అందులో ఇంటింటికీ రొట్టెలు పంచే ఒక ముసలమ్మ. పొడుగు కోటు, బూట్లు. ఎవరింటికి వెళ్తే ఆ ఇంటి సంగతి మనకు తెలుస్తుంది. పిల్లల కోసం చేసే సీరియల్, అంతే. నేను నాలుగు సార్లు నడక గీసి పంపాను, నాలుగు సార్లూ ఆమె తిప్పి పంపింది. మామూలుగా మా పనిలో రెండు అడుగులు గీస్తే చాలు, వాటినే తిప్పి తిప్పి వాడుకుంటారు. ఆమెకు అది నచ్చలేదు. "ఈమె ముసలమ్మలా నడవడం లేదు, ముసలమ్మల గురించి విన్న మనిషిలా నడుస్తోంది" అంది. నాకు మండింది. ఆ కోపంతోనే ఊరికి వెళ్లి బాపమ్మను ఫోన్‌లో వీడియో తీశాను.

బాపమ్మ అంటే మా నాన్న తల్లి. బోరింగు దగ్గర జారిపడి తుంటి విరిగింది. దవాఖానలో అతికించారు గానీ కుడి కాలు కొంచెం పొట్టిదైంది. ఎడమ కాలు నిండుగా ఆనించేది, కుడి కాలును బయటికి తిప్పి వేళ్ల మీద మోపేది. మడమ నేలకు తగలదు. గడప వస్తే మాత్రం ఆగి, ఎడమ చేత్తో మోకాలి మీద రెండు సార్లు తట్టి, అప్పుడు కుడి కాలు లేపేది. ఎద్దును అదిలించినట్టు తన కాలును తానే అదిలించుకునేది.

నేను వీడియో తీస్తుంటే నీళ్ల గోలెం దగ్గర నుంచి పశువుల కొట్టం దాకా నడిచి, నా వైపు తిరిగింది.

"ఏందే, కుంటిదాన్ని ఫోటో దీస్తున్నవా? గదేం సోకు?"

"నీ నడక బెల్జియం పోతది బాపమ్మా."

"పోనీ తియ్యి. నేనైతే జనగామ దాటి పోలే. అదన్న పోనీ."

ఆ నడకను గీసి పంపిన రోజు దర్శకురాలు వీడియో కాల్‌లోనే దాన్ని మళ్లీ మళ్లీ వేసి చూసింది. తర్వాత అడిగింది, ఈమె ఎవరని. చెప్పాను. ప్రతి అడుగూ వేరుగా గీయమంది, ఒక్కటి కూడా తిప్పి వాడొద్దంది. అలా రెండేళ్లు నేను బాపమ్మను నడిపించాను.

ఆ రెండేళ్లలో యూరప్ బొమ్మల వాళ్ల బతుకు ఎలా ఉంటుందో నాకు తెలిసొచ్చింది. మనం ఇక్కడ కూర్చుని వాళ్లు హాయిగా ఉన్నారనుకుంటాం. దూరపు కొండలు నునుపు. అక్కడ ఒక్క దేశం ఒక్క భాష పెట్టుకుని సీరియల్ తీస్తే చూసేవాళ్లు చాలరు. అందుకని మూడు నాలుగు దేశాలు కలిసి తీస్తాయి. ఏ ప్రాంతం డబ్బు సాయం చేస్తే ఆ ప్రాంతంలోనే కొంత పని జరగాలి. అందుకే మా ముసలమ్మ బొమ్మలు బెల్జియంలో, గొంతు ఫ్రాన్స్‌లో, చప్పుళ్లు లక్సెంబర్గ్‌లో. సాయం ఏమీ చేయకపోయినా నడక మాత్రం తొర్రూరులో. పదిళ్ల పొత్తు. పొత్తులో కథ బాగా నలుగుతుంది, ఆ నలగడంలోనే రుచి వస్తుందని ఆమె అనేది. ఏ ఊరి కథైనా ఊరు దాటి పోగలదని ఆమె నమ్మకం. బొమ్మలు పిల్లలకే కాదు, పెద్దవాళ్లకూ తీయొచ్చని అక్కడ చాలామందే నమ్ముతారట.

చప్పుళ్లు పెట్టేది లక్సెంబర్గ్‌లో ఒకాయన. తెర మీద బొమ్మ నడుస్తుంటే, బూట్లు వేసుకుని దానితో పాటు తానూ అడుగులు వేసి రికార్డు చేస్తాడు. ఒక రోజు నాకు రెండు లైన్లు రాశాడు: "మీ ముసలమ్మ నడక వేస్తున్న వారం నుంచి నాకు కుడి తుంటి నొప్పి. ఆదివారం సెలవు తీసుకుంటే తగ్గింది, సోమవారం మళ్లీ మొదలైంది." చివర ఒక నవ్వు బొమ్మ పెట్టాడు. నేనూ నవ్వు బొమ్మే పంపాను గానీ, నవ్వు రాలేదు.

బాపమ్మ ఆ చలికాలంలోనే చనిపోయింది. పొద్దున చాయ్ తాగి గోడకు ఒరిగిన మనిషి అలాగే పోయింది.

మా ఊళ్లో ఒక పద్ధతి ఉంది. ప్రాణం పోయిన చోట దీపం పెడతారు. మూడో రోజుకు ముందటి సాయంత్రం ఆ దీపం పక్కన జల్లెడ పట్టిన బూడిదను నున్నగా పరిచి, మీద గంప బోర్లిస్తారు. తెల్లవారి గంప లేపి చూస్తే బూడిదలో ఏదో ఒక గుర్తు ఉంటుంది. పిట్ట కాలో, పిల్లి కాలో, పసిపాదమో. పోయిన మనిషి ఒకసారి వచ్చి చూసి పోయిందనీ, ఇక ఏ రూపంలో ఉందో చెప్పి పోయిందనీ నమ్మకం. నాకు తెలిసి మా ఊళ్లో గుర్తు పడని ఇల్లు లేదు.

బాపమ్మకు పడలేదు.

నాన్న గంప లేపాడు. బూడిద సాయంత్రం పరిచినట్టే ఉంది. ఆయన కూర్చుని, వంగి, ఈ పక్క నుంచీ ఆ పక్క నుంచీ చూశాడు. చుట్టాలు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. "గాలికి మాసిపోయిందేమో" అన్నారెవరో, మూసిన గంప కింద గాలేమిటో. నాన్న మాత్రం ఆ బూడిదను ఎత్తనివ్వలేదు, సాయంత్రం దాకా అక్కడే కూర్చున్నాడు.

వంటింట్లో అమ్మ నా వైపు చూసి అన్న మాట ఇప్పటికీ నాకు గుచ్చుకుంటుంది.

"నడకను నువ్వు పట్టుకపోతివి. ఇగ ఆమె దేనితోని నడిచొస్తది?"

చదువుకున్నదాన్ని కదా, విసుక్కున్నాను. తర్వాత తొర్రూరు వచ్చి, తెర తెరిచి, రొట్టెల బుట్టతో ముసలమ్మను మళ్లీ నడిపించాను. పని ఆపలేదు, నెలాఖరుకు పంపాలి.

మూడేళ్లు గడిచాయి. మొదటి భాగం అక్కడి టీవీల్లో వచ్చింది, పిల్లలకు నచ్చింది, బొమ్మల సినిమాల పండగ ఒకదానిలో బహుమతి కూడా ఇచ్చారు. అయినా రెండో భాగం మొదలుకాలేదు. దర్శకురాలు వీడియో కాల్‌లో కనబడిన ప్రతిసారీ ఆమె వెనుక కుర్చీలు తగ్గుతూ వచ్చాయి. ప్రభుత్వ టీవీలు కొత్త సీరియళ్లు కొనడం తగ్గించాయి. నెట్‌లో సినిమాలు చూపే పెద్ద కంపెనీలు మొదట ఎగబడి వచ్చి, తర్వాత చప్పుడు చేయకుండా వెళ్లిపోయాయి. పిల్లలేమో ఫోన్లో ఊరికే దొరికే తునకలు చూస్తున్నారు. బొమ్మలు నేర్పే బళ్లలో మంచి చేతులున్న కుర్రవాళ్లు తయారవుతున్నారు, వాళ్లకు పని లేదు. "మా దగ్గర కథలకు కొదవ లేదు, గీసేవాళ్లకు కొదవ లేదు, చూసేవాళ్లు కూడా ఎక్కడో ఉన్నారు. మధ్యలో వంతెనే విరిగింది" అంది.

ఆ మాట తర్వాత అసలు మాట చెప్పింది. ఒక ఏఐ కంపెనీ ముందుకొచ్చింది. మొదటి భాగం ఫైళ్లన్నీ ఇస్తే, వాళ్ల మిషన్ వాటిని చూసి నడకలు నేర్చుకుంటుంది. బదులుగా రెండో భాగానికి వాళ్లు పెట్టుబడి పెడతారు. నా నడకలు లేకపోతే మిగతా ఫైళ్లు వాళ్లకు అక్కర్లేదు. నా సంతకం లేకుండా మొత్తం ఇవ్వనని ఆమె వాళ్లకు చెప్పింది. ఆమె చెడ్డ మనిషి కాదు. చెడ్డ మనిషైతే నాకు చెప్పే పనే లేదు, నా పాత కాగితాల్లో ఏదో ఒక మూల చూసుకుని ఇచ్చేసేది.

"మచ్చుకు ఒక చిన్న ముక్క ఇచ్చాం" అంది. "నువ్వు గీసిన మూడు సీన్లు. వాటితో మిషన్ చేసింది పంపుతున్నాను. చూసి చెప్పు. వచ్చే శుక్రవారం లోగా వాళ్లకు మాట ఇవ్వాలి."

మధ్యాహ్నం ఒంటిగంట. కింద దుకాణంలో బస్తాలు దించుతున్నారు. నేను అన్నం డబ్బా తెరుస్తూ ఆ ముక్కను నొక్కాను.

ఒక పొడుగాటి యువకుడు. టపా సంచి భుజానికి వేసుకుని వీధిలో నడుస్తున్నాడు. ఎడమ కాలు నిండుగా, కుడి కాలు బయటికి తిరిగి, వేళ్ల మీద. మొహం వాడిది, ఒళ్లు వాడిది, నడక బాపమ్మది. ముద్ద నోట్లోనే ఉండిపోయింది. ఇరవై సెకన్లు నడిచి, వాడు ఒక ఇంటి తలుపు ముందు ఆగాడు. తలుపు కింద ఎత్తైన గడప. ఎడమ చేయి కిందికి వచ్చింది. మోకాలి మీద రెండు సార్లు తట్టింది. కుడి కాలు లేచింది.

అక్కడితో ఆ ముక్క అయిపోయింది. కాలు గాలిలో ఉంది.

నేను అది ఎన్నడూ గీయలేదు. రొట్టెల ముసలమ్మ ఊళ్లో గడపలే లేవు, తలుపులన్నీ నేలకు సమంగా ఉంటాయి. మోకాలు తట్టే అవసరం ఆమెకు ఎక్కడా రాలేదు. పొరపాటున బాపమ్మ వీడియో కూడా ఆ మూడు సీన్ల ఫైళ్లతో పాటు అప్పట్లో బెల్జియం పంపానేమో అనుకున్నాను. చూసుకుంటే, అవును, పంపాను. ఒక్క నిమిషం ఊపిరి ఆడింది. ఆ వీడియో తెరిచి మొదటి నుంచి చివరిదాకా చూశాను. గోలెం, కొట్టం, మధ్యలో వాకిలి. గడప లేదు. తట్టడం లేదు. రెండు రోజులు కూర్చుని నేను గీసిన ప్రతి సీనూ వెతికాను. ఎక్కడా లేదు.

దర్శకురాలిని అడిగాను. "మేం తలుపు అడగలేదు" అంది. "ఒక మనిషి వీధిలో నడిచి పోవాలి, అంతే అడిగాం. కంపెనీ వాళ్లను అడిగితే, ఇలాంటివి అప్పుడప్పుడు వాటంతట అవే వస్తాయన్నారు." మళ్లీ తనే, "ఎందుకు, ఆ తట్టడంలో ఏముంది?" అంది. నేను చెప్పాను. ఆమె కుర్చీలో వెనక్కి జరిగింది. ఆమె వెనుక ఖాళీ కుర్చీలు ఆరు కనబడ్డాయి.

భయం నాకు కొత్త కాదు గానీ, పట్టపగలు, చాయ్ గ్లాసు పక్కన పెట్టుకుని పడే భయం కొత్త. మెట్ల మీద ఎవరు వచ్చినా అడుగులు లెక్కపెట్టేదాన్ని. ఒంటరిగా ఉండలేక భూపాలపల్లిలో ఉన్న అక్క దగ్గరికి పోయాను. బావ బొగ్గుబాయిలో పని చేస్తాడు. బాపమ్మ చివరి నెలల్లో అక్కే వచ్చి చూసుకుంది కాబట్టి, చూస్తే ఆమెకే తెలుస్తుందని నా ఆశ. నాదంతా చాదస్తం అని ఎవరైనా అంటే బాగుండునని కూడా ఆశ.

అక్క ఫోన్ పట్టుకుని చూసింది. కాలు లేచే చోటుకు వచ్చేసరికి ఇల్లు అదిరింది, అల్మారాలో గిన్నెలు గలగలమన్నాయి. నేను అరిచాను. రోజూ ఆ వేళకు ఓపెన్‌కాస్ట్ గనిలో బండలు పేల్చే బ్లాస్టింగ్ చేస్తారట. అక్క నవ్వింది, కానీ ఫోన్ బోర్లా పెట్టింది.

"బాపమ్మనే" అంది. "ఇంకేం అనుమానం లేదు."

"సంతకం పెట్టాల్నా, వద్దా?"

"పెట్టు చెల్లె. ఆమెనే అన్నది గదా, అదన్న పోనీ అని. జనగామ దాటని ముసల్ది, దునియా తిరుగుతది. మీ బావ వాళ్లు తవ్వేది గూడ ఏంది? ఎన్నడో సచ్చిన చెట్లే గదా. సచ్చినయి గూడ మనకు అక్కరకొస్తయి."

మాట బాగానే ఉంది. రెండో భాగం వస్తే నాకు రెండేళ్లు పని. అక్కడ ఆ ఆరు కుర్చీల్లో మనుషులు కూర్చుంటారు. లేకపోతే ఆమె తలుపులు మూస్తుంది, నేను పెళ్లి కార్డులకు పూలు రాల్చే వీడియోలు చేసుకుంటాను. అటు చూస్తే నుయ్యి, ఇటు చూస్తే గొయ్యి. అక్క మాటే పట్టుకుని సంతకం పెట్టేద్దామని బస్సెక్కాను. పెట్టేముందు నాన్నకు ఒక మాట చెప్పాలని మా ఊళ్లో దిగాను. అది గురువారం మధ్యాహ్నం.

నాన్న వాకిట్లో మంచం మీద కూర్చుని ఆ ముక్క చూశాడు. బాపమ్మ పోయినప్పటి నుంచి ఆయన మాట తగ్గింది. ఎవరింట్లో మూడో రోజు జరిగినా వెళ్లడు. బూడిదలో గుర్తు పడిందని విన్నరోజు అన్నం సరిగా తినడు.

"గిదెవలు?"

"బొమ్మ, బాపూ. నేను చేసింది కాదు, మిషన్ చేసింది."

"బొమ్మ గాదు. మా అవ్వ." మళ్లీ చూపించమన్నాడు. ఐదారు సార్లు చూశాడు. "కాలు కింద వెట్టదా?"

"అక్కడికే అయిపోయింది."

"ఎన్ని దినాలైంది, గట్ల కాలు లేపి నిలవడి?"

"వారం."

నాన్న కళ్లు తుడుచుకున్నాడు. "తుంటి ఇరిగిన ముసల్ది బిడ్డా, ఒక్క కాలు మీద వారం దినాలు. జర కింద వెట్టనియ్యి."

నాకు ఏడుపు వచ్చింది. లోపలికి పోయాను. అమ్మ వంటింట్లో పీట మీద కూర్చుని ఉంది, మా మాటలన్నీ విన్నది. నన్ను పక్కన కూర్చోమని, గొంతు తగ్గించి మాట్లాడింది.

"నీకొకటి చెప్పాలె. మీ బాపుకు తెల్వద్దు. గీ ఊర్ల బూడిదల అడుగులన్నీ ఎవలేసిన్రు అనుకున్నవ్?"

నేను ఏమీ అనుకోలేదని చెప్పాను.

"మీ బాపమ్మ. ఎవలింట్ల సావైతే ఆ ఇంటికి కోడి కూయంగనే పొయ్యేది, వాకిలి ఊడుస్త అని. గంప లేపి మూడు వేళ్లు ఆనిచ్చేది. పిట్ట కాలు. పసిపిల్ల సచ్చిపోతే పిడికిలి పక్క ఆనిచ్చి పైన ఐదు సుక్కలు వెట్టేది. తల్లి దాన్ని జూసి ఒక్క బుక్క తినేది. ఎవలికీ చెప్పలే, నాకొక్కదానికే నేర్పింది."

"మరి బాపమ్మకు?"

"నేనే వెయ్యాలె." అమ్మ చీర కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. "పొద్దుగాల లేచి గంప దాంక పోయిన. చెయ్యి రాలే. అందరికీ దొంగ అడుగులు వేసింది గదా, ఆమె అడుగన్న నిజంగ వస్తదేమో అని జూసిన. రాలే. ఆ పాపం నాది. నీ మీద వెట్టి మాట్లాడిన."

నేను అమ్మ చేయి పట్టుకున్నాను. మా వంశంలో బొమ్మలు గీసినవాళ్లు ఎవరూ లేరని నేను అందరికీ చెబుతుండేదాన్ని. నాకు ఈ పని ఎక్కడి నుంచి వచ్చిందో ఆ రోజు తెలిసింది. లేని మనిషిని నడిచి వచ్చినట్టు చూపించడం. ఎవరి ఇల్లు, ఎవరు పోయారు, ఆ ఇంటికి పిట్ట కావాలా పసిపాదం కావాలా తెలిసిన చేయి కావాలి దానికి. మిషన్‌కు నడక వచ్చింది, మోకాలు తట్టడం కూడా ఎక్కడి నుంచో వచ్చింది. లోపల ఎవరు ఎదురు చూస్తున్నారో దానికి తెలియదు. అందుకే కాలు గాలిలో వదిలేసింది.

ముందే చెప్పేస్తున్నాను, సంతకం పెట్టలేదు. శుక్రవారం ఆమెకు రాశాను. నడకలు ఇవ్వను, కావాలంటే చేత్తో గీసి ఇస్తాను, ఎంత ఆలస్యమైనా సరే అని. ఆమె రెండు రోజుల తర్వాత సీరియల్ ఆగిపోయిందని రాసింది. ఇంకో ముగ్గురిని పంపించేయాల్సి వచ్చిందని రాసింది. ఆ ముగ్గురి పాపం నాకు కొంత తగులుతుంది, తగలదని ఎవరైనా అంటే ఒప్పుకోను. చివర మాత్రం, ఒక్క చిన్న సినిమా చేద్దామంది, పెద్దవాళ్ల కోసం, అంతా చేతులతో. అలాంటిదే కావాలని అడిగేవాళ్లు అక్కడ ఇంకా ఉన్నారట, అన్నీ ఒకేలా కనబడుతున్న కొద్దీ వాళ్లు పెరుగుతున్నారట. నిజమో ఆశో నాకు తెలియదు. ఆ పని వచ్చేదాకా పెళ్లి కార్డులకు పూలు రాలుస్తున్నాను, ఆ మాటకొస్తే బాగానే రాలుస్తున్నాను.

గురువారం సాయంత్రం సంగతికి వస్తాను. సంచిలో వెంట తెచ్చుకున్న, నేను బొమ్మలు గీసే తెర పలకను మా ఇంట్లో, బాపమ్మ పోయిన గోడ పక్కన పెట్టుకున్నాను. మిషన్ ఆపేసిన చోటు నుంచి మొదలుపెట్టాను. టపా మనిషి మొహం తీసేశాను, బాపమ్మను గీశాను, చీరతోనే. కాలు దిగడానికి పదకొండు బొమ్మలు పట్టాయి. కుడి కాలు గడప మీదుగా వచ్చి, వేళ్లు ఆని, పక్క ఆని, మడమ మాత్రం ఆనకుండా ఆగింది. తర్వాత ఎడమ కాలు. నాన్న నా వెనుక నిలబడి చూశాడు. ముసలామె లోపలికి వచ్చి తెర అంచు దాటి పోయింది.

"వచ్చింది" అన్నాడు నాన్న. ఆ మాట అని, చెప్పులు వేసుకుని బయటికి పోయాడు. మా వీధిలో అందరివీ గ్యాస్ పొయ్యిలే, బూడిద దొరకదు. కొడకండ్ల బస్టాండు దగ్గర కట్టెల పొయ్యి మీద చాయ్ కాచే కొట్టు దాకా పోయి, సంచిలో బూడిద తెచ్చాడు. తానే జల్లెడ పట్టాడు. గోడ పక్కన పరిచి, దీపం పెట్టి, గంప బోర్లించి పడుకున్నాడు. మూడేళ్ల తర్వాత ఇదేం పద్ధతని మేం అడగలేదు. అమ్మ నా వైపు చూసింది. నేను తల ఊపాను. ఈసారి వెయ్యాల్సింది నేను.

కోడి కూయగానే లేచాను. ఎలా వేయాలో నాకు బాగా తెలుసు. పిట్ట కాలు కాదు, పసిపాదం కాదు. ఆ పాదాన్ని రెండేళ్లు గీశాను. బొటనవేలు, మిగతా నాలుగు వేళ్లు, బయటి అంచు, మడమ ఖాళీ. కుడి చేయి తుడుచుకుని, చప్పుడు కాకుండా గంప లేపాను.

పాదం పడి ఉంది. కుడిది. ఐదు వేళ్లు, బయటి అంచు. మడమ లేదు.

అమ్మకు ఎంత బాగా కుదిరింది అనుకున్నాను. వెనక్కి తిరిగితే అమ్మ వంటింటి గడపలో నిలబడి ఉంది, అప్పుడే లేచిన మొహంతో. దగ్గరికి వచ్చి బూడిదను చూసింది, నన్ను చూసింది.

"మంచిగేసినవ్ బిడ్డా" అంది నెమ్మదిగా.

"నేను వెయ్యలేదమ్మా. నువ్వు గాదా?"

అమ్మ తన చేతులు ముందుకు చాపి చూపించింది. నేను నావి చూపించాను. నాలుగు చేతులకూ బూడిద లేదు.

మంచం మీద నుంచి నాన్న గొంతు వినబడింది. "ఉన్నదా?"

మేమిద్దరం ఒకేసారి అన్నాం, "ఉన్నది."